టీ ఫిట్టింగు లోపలి గీతలు

బాలానగర్

ఒరేయ్ శీనూ,

జవాబు రాయక రెండు నెలలు దాటింది, ఏమీ అనుకోకురా. అమ్మ బాగుంది, చెల్లి పరీక్షలైపోయాయి, నేను అదే రూములో ఉన్నా. ఇక అసలు సంగతి విను, నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మేం విమానాల హైడ్రాలిక్ (ఒత్తిడి మీద నూనె నడిచే) లైన్లకి ఫిట్టింగులు, అంటే పైపుల్ని కలిపే ముక్కలు చేస్తాం కదా. నీ ఏసీ పైపులకి 45 డిగ్రీల ఫ్లేర్ (కొసని గరాటులా విప్పే కోణం), మాకు 37. (ఆ 8 డిగ్రీల పందెం బాకీ ఇంకా నీమీదే ఉంది, ఐటీఐ గోడ సాక్షి!) మొన్న 2014 రకం అల్యూమినియం టీలు (T ఆకారంలో, పక్కకి ఒక కొమ్మ చీలే ఫిట్టింగులు) ఫోర్జింగ్ నుంచి, అంటే వేడి లోహాన్ని డై అనే అచ్చులో కొట్టి మలిచే చోటు నుంచి వచ్చాయి. పగుళ్ళలోకి ఇంకే పెనెట్రెంట్ ద్రవం పట్టించి, కడిగి, దాన్ని మళ్ళీ పైకి లాగే డెవలపర్ చల్లి, చీకటి గదిలో యూవీ లైటు కింద పెట్టా. కొమ్మ చీలే మూలలో వెంట్రుకంత పచ్చటి గీత. తుడిచా. మళ్ళీ తేలింది. చేతులు చల్లబడిపోయాయిరా.

"కాస్త రుద్దితే పోతుంది" అన్నారు ఒకరిద్దరు. లోపల నూనె 3000 పీఎస్ఐ ఒత్తిడి మీద తోస్తుంది, అంటే చదరపు సెంటీమీటరుకి 210 కిలోల పైనే! మా సెక్షన్ పెద్దాయన ఒక్క మాట మాట్లాడలేదు. టీని నిలువునా కోయించి, ఆ ముఖం నున్నగా చేసి, వేడి కాస్టిక్ సోడాలో ముంచాడు. బుసబుసా పొంగి బొగ్గులా నల్లబడింది. ఆ లోహంలో 4 శాతం పైచిలుకు రాగి ఉంటుంది, కరగకుండా పైన మిగిలే మసి దానిదే. నైట్రిక్ యాసిడ్‌లో ముంచి తీశాడో లేదో, వెండిలా తెల్లబడి లోహం పారిన గీతలన్నీ బయటపడ్డాయి!

పచ్చగీత ఉన్నచోట అవి చీర కుచ్చిళ్ళలా లోపలికి మడతపడి ఉన్నాయి. లోహం పారేటప్పుడు తనమీదికి తనే మడిచేసుకుంది, అదే ల్యాప్. డైలో ఆ మూల గుండ్రం చాలలేదట.

తర్వాత ఒక మంచి టీని, రాడ్డులోంచి చెక్కిన ఇంకోదాన్నీ అలాగే కోసి పక్కపక్కన పెట్టాడు. చెక్కినదాంట్లో గీతలు తిన్నగా వచ్చి కొమ్మ దగ్గర తెగిపోయాయి. ఫోర్జింగ్‌లో మాత్రం, శీనూ, ఏరు పాయ తిరిగినట్టు కొమ్మలోకి ఒంపు తిరిగి వెళ్ళాయి. సుత్తి దెబ్బకున్న విలువ నాకు అప్పుడు కళ్ళకి కట్టింది. ఆరేళ్ళుగా చేత్తో పట్టుకుంటున్న వస్తువేగా... ఎలా చెప్పాలో తెలీట్లేదు.

లాట్ మొత్తం ఆపేశారు. నష్టమే, కానీ ఆ నిర్ణయం నాకు ఎంత నచ్చిందో! ఆ ముక్క నీకు చూపించాలని ఉంది, గేటు దాటనివ్వరు. అన్నట్టు మీ నాన్నగారి మోకాలు ఎలా... అరే, షిఫ్టు బస్సు హారన్ కొడుతున్నాడు, ఉంటా.

నీ
గోపి