మళ్లీ నేరం చేసినవాడంటే ఎవరు? కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒకసారి శిక్ష పడ్డాక కూడా ఘోర నేరానికి తెగబడేవాణ్ణి ఎలా గుర్తించాలన్న విషయంలో, 1860 నాటి శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఒకే మాట మీద నిలబడలేదని సవినయంగా మీ దృష్టికి తెస్తున్నాను.

నాణేలు, నోట్లు, స్టాంపులు లేదా ఆస్తికి సంబంధించి మూడేళ్లు, అంతకు మించి జైలు విధించదగిన నేరంలో దోషిగా తేలినవాడు ఆ తరువాత అలాంటి నేరమే చేస్తే, 13వ సెక్షన్ కింద యావజ్జీవం గాని పదేళ్ల వరకు జైలు గాని పడవచ్చు. ఇది 1860 నాటి శిక్షాస్మృతిలోని 75వ సెక్షనే. తెల్లదొరలకు మనిషి ఒంటి కన్నా నాణెం మీద శ్రద్ధ ఎక్కువ ఉండటంలో వింత లేదు. కానీ ఎముకలు విరగ్గొట్టి జైలుకెళ్లి వచ్చినవాడు ఇంకొకరి ఎముకలు విరగ్గొడితే 117(2) కింద నేటికీ గరిష్ఠ శిక్ష మునుపటి ఏడేళ్లే. పైగా రెండోసారి దొంగతనానికి 303(2) ఐదేళ్లు చాలంటుండగా, 13వ సెక్షన్ యావజ్జీవం దాకా తలుపు తెరిచి ఉంచింది.

అసలు చిక్కు 71వ సెక్షన్‌లో ఉంది. అత్యాచారం కేసులో 'గతంలో దోషిగా తేలి, తరువాత మళ్లీ దోషిగా తేలితే' మరణశిక్ష లేదా బతికినంత కాలం జైలు అని అది చెబుతుంది. అక్కడ లెక్కలోకి వచ్చేది తీర్పుల వరుసే తప్ప నేరాల వరుస కాదు. దీనికి మూలమైన, పాత శిక్షాస్మృతిలోని 376ఇ సెక్షన్‌ను దేశంలో తొలిసారి ప్రయోగించిన ముంబయి శక్తి మిల్స్ సామూహిక అత్యాచార కేసుల్లో, నేరాలు రెండూ 2013లోనే నెల రోజుల లోపు జరిగాయి. దోష నిర్ధారణలు 2014 మార్చిలో వెలువడ్డాకే 376ఇ కింద అభియోగం చేర్చి, ముగ్గురికి మరణశిక్ష విధించారు. ఆ సెక్షన్ చెల్లుతుందని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పినా, 2021లో ఆ శిక్షలను జీవితాంతపు జైలుగా మార్చింది. ఆ నేరాల క్రూరత్వం గురించి నాకు రెండో మాట లేదు. అయితే శిక్ష అనుభవించీ మారనివాడూ, ఇంకా పట్టుబడక ముందే రెండు నేరాలు చేసినవాడూ చట్టం దృష్టిలో ఒకటేనా?

కాబట్టి మొదటి కేసులో దోషిగా తేలాక చేసిన నేరాన్నే రెండోదిగా లెక్కించాలనీ, హత్యాయత్నం, తీవ్రగాయం వంటి నేరాలకూ జడ్జి విచక్షణకు లోబడి, మళ్లీ నేరం చేసినవాడికి పెంచిన శిక్షను వర్తింపజేయాలనీ, అప్పీలులో మొదటి తీర్పు వీగిపోతే రెండో శిక్షను తిరిగి పరిశీలించాలనీ సవరణ తేవలసిందిగా కోరుతున్నాను. రౌడీ షీటు, పెండింగు కేసులు ఈ లెక్కలోకి రాకూడదు. రుజువు లేకుండా ముద్ర వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు: 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా చూసింది. ఆ ముద్రతో ఎరుకలవారిని ఉంచిన స్టూవర్టుపురం మా బాపట్ల జిల్లాలోనే ఉంది.

భవదీయుడు,
ఒక న్యాయవాది