'21 నెలల్లో జర్మనీ పీఆర్' ప్రకటనలో రాయని షరతులు

సంపాదకుల వారికి,

నమస్కారం. 'జర్మనీ వెళ్తే 21 నెలల్లో పీఆర్' అన్న మాట కన్సల్టెన్సీల ప్రకటనల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఈ మధ్య తరచూ వినబడుతోంది. అంకె అబద్ధం కాదు. బ్లూ కార్డు (నిర్ణీత హద్దుకు తగ్గని జీతం ఉన్న నిపుణులకు ఇచ్చే పర్మిట్) మీద పనిచేసేవాళ్లు బీ1 అనే మధ్య స్థాయి జర్మన్ నేర్చుకుంటే 21 నెలలకు శాశ్వత నివాస అనుమతి అడగవచ్చు. ఏ1 అనే తొలి స్థాయితో సరిపెట్టుకుంటే ఇదివరకు 33 నెలలు పట్టేది, 2023 నవంబరు 18 నుంచి దాన్ని 27కి తగ్గించారు. కానీ ఆ నెలలు ఎప్పటి నుంచి మొదలవుతాయో, అనుమతి ఇచ్చే విదేశీయుల కార్యాలయంలో ఏ కాగితంతో రుజువు చేయాలో ఆ ప్రకటనల్లో ఉండదు. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ముందుగా తెలియాల్సింది అదే. జర్మనీలో పనిచేస్తున్నవాళ్లుగా ఆ వివరాలు రాస్తున్నాం.

విమానం దిగిన రోజు నుంచి లెక్క మొదలు కాదు. ఎంఎస్ చదివిన రెండేళ్లు, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలలు ఇందులోకి రావు. బ్లూ కార్డు ఉద్యోగంలో చేరాకే మొదటి నెల. జీతం బ్లూ కార్డు హద్దుకు తగ్గి, మామూలు నిపుణుల పర్మిట్ మీద ఉన్నవాళ్లకు మూడేళ్లు. జర్మనీలోనే డిగ్రీ చేసి ఉంటే రెండేళ్లు. ఈ రెండు దారుల్లోనూ బీ1 తప్పనిసరి, ఏ1తో పని జరగదు.

నర్సులది ఇంకా చిక్కు. టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారా తెలంగాణ నుంచి వచ్చే నర్సులు మొదట తమ చదువుకు గుర్తింపు తెచ్చుకునే దశలో, ఆసుపత్రిలో సహాయకులుగా పనిచేస్తారు. ఆ దశలో ఇచ్చే పర్మిట్ వేరు. గుర్తింపు వచ్చి, నిపుణుల పర్మిట్ చేతికి అందిన తేదీ నుంచే మూడేళ్లు లెక్కిస్తారు. సహాయకులుగా పనిచేసిన నెలల పెన్షన్ చందా మాత్రం పీఆర్‌కు అవసరమైన 36 నెలల చందాలో కలుస్తుంది. ఈ తేడా తెలియక, వచ్చి మూడేళ్లయింది కదా అని దరఖాస్తు పెట్టి వెనక్కి వచ్చేవాళ్లు ఉన్నారు.

పైన చెప్పిన నెలలకు పెన్షన్ చందా కట్టినట్టు కూడా చూపాలి. మేం చూసినంతలో ఎక్కువ ఫైళ్లు ఆగేది ఆ కాగితం దగ్గరే. జీతంలో 18.6 శాతం పెన్షన్ నిధికి పోతుంది, అందులో సగం ఉద్యోగిది, సగం యాజమాన్యానిది. ఎన్ని నెలలు కట్టారో చూపే పత్రాన్ని పెన్షన్ సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అడిగితే పోస్టులో వస్తుంది. అయితే యాజమాన్యం ఆ సంస్థకు లెక్క పంపేది ఏడాదికోసారి, మరుసటి ఏడాది ఫిబ్రవరి 15 లోపల. 2024 ఫిబ్రవరిలో ఉద్యోగంలో చేరిన మనిషికి 2025 అక్టోబరుతో 21 నెలలు నిండుతాయి. నవంబరులో పత్రం తెప్పిస్తే అందులో 2024 డిసెంబరు వరకే ఉంటుంది, అంటే 11 నెలలే. అధికారి 11 చూసి ఫైలు పక్కన పెట్టడం తప్పు కాదు, ఆయన ముందున్న కాగితం చెప్పేది అంతే. మిగతా పది నెలల పే స్లిప్పులు వరుసగా, ఒక్కటీ తప్పకుండా జతచేయాలి. జీతం లేని సెలవు నెల దాటితే ఆ పైన చందా కూడా ఆగిపోతుంది. అన్న పెళ్లికో, నాన్నగారి ఆపరేషన్‌కో ఊరికి వచ్చి అలా రెండు మూడు నెలలు ఉండిపోయినవాళ్ల లెక్కలో ఖాళీ కనబడుతుంది. చదువుకునే రోజుల్లో మినీజాబ్‌లో (నెలకు కొద్దిపాటి జీతం వచ్చే చిన్న ఉద్యోగం) చేరేటప్పుడు, చేతికి కొన్ని యూరోలు ఎక్కువ వస్తాయని పెన్షన్ మినహాయింపు గడిలో టిక్కు పెడతారు. ఆ నెలలు కూడా ఈ లెక్కలోకి రావు.

ఈ పత్రంలోనే తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. పెన్షన్ నంబరులో 12 స్థానాలుంటాయి. మధ్యలో పుట్టిన తేదీ, దాని వెంటనే ఒకే ఒక్క ఆంగ్ల అక్షరం. అది పుట్టినప్పటి ఇంటిపేరు మొదటి అక్షరం. ఇంటిపేరు బొల్లినేని, పేరు సాయి అయితే అక్కడ 'బి' ఉండాలి. 'ఎస్' ఉందంటే ఎవరో పేరు తారుమారుగా ఎక్కించారన్నమాట. విద్యార్థిగా చేసిన పార్ట్‌టైమ్‌లో ఒక రకంగా, అసలు ఉద్యోగంలో మరో రకంగా నమోదైతే, ఒకే మనిషికి రెండు నంబర్లు వచ్చి నెలలు రెండు ఖాతాల్లో చీలిపోవచ్చు. పెన్షన్ సంస్థకు ఖాతా సరిచేయమని దరఖాస్తు పెడితే డబ్బు తీసుకోకుండా కలుపుతారు, కానీ సమయం పడుతుంది. అందుకే మొదటి పే స్లిప్పు అందిన రోజే ఆ అక్షరం చూసుకోవాలి. పదో తరగతి మెమోలో ఇనీషియల్, డిగ్రీలో ఇనీషియల్ చివర, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, గోథే సంస్థ ఇచ్చే జర్మన్ భాషా సర్టిఫికెట్‌లో మరో వరుస: ఇవన్నీ ఒకే మనిషివని మనకు చూడగానే తెలుస్తుంది, జర్మన్ గుమాస్తాకు తెలియదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, పేరు మొత్తాన్నీ ఇంటిపేరుగా ఎక్కించడం ఇక్కడ మామూలు. ఊళ్లో ఉండగానే సరిచేయించుకుంటే తర్వాత ఎంతో తిరుగుడు తప్పుతుంది.

భాష విషయంలో కోర్సు పూర్తి చేసినట్టు ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే కాగితం చెల్లదు. గోథే, టెల్క్ లాంటి గుర్తింపు ఉన్న పరీక్ష పాసై ఉండాలి. గోథే బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు, ఒక్కోదానిలో వందకు 60 రావాలి. ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాయవచ్చు. ఆఫీసులో అంతా ఇంగ్లీషే కదా అని వాయిదా వేసేవాళ్లకు 21 కాస్తా 27 అవుతుంది. 'జర్మనీలో జీవితం' అనే పరీక్ష కూడా ఉంది. 33 ప్రశ్నలు, గంట సమయం, 15 సరైతే చాలు. ప్రశ్నలన్నీ ముందే ప్రచురించి ఉంటాయి కాబట్టి భయపడాల్సింది లేదు. పట్టభద్రులకు కొన్ని కార్యాలయాలు దీన్ని మినహాయిస్తాయి, కొన్ని అడుగుతాయి. దేశంలో ఇలాంటి విదేశీయుల కార్యాలయాలు ఐదు వందలకు పైగా ఉన్నాయి, చట్టం ఒకటే అయినా అడిగే కాగితాల జాబితా ఊరికో రకం. స్నేహితుడికి బెర్లిన్‌లో అడగలేదని మ్యూనిక్‌లో వాదించి లాభం లేదు.

అపాయింట్‌మెంట్ రోజు స్వయంగా వెళ్లక తప్పదు, వేలిముద్రలు, సంతకం అక్కడే తీసుకుంటారు. ఫొటో ప్రింటు పట్టుకెళ్తే 2025 మే 1 నుంచి తీసుకోవడం లేదు. గుర్తింపు పొందిన స్టూడియో డిజిటల్‌గా పంపి ఇచ్చే కోడ్ కావాలి, లేదా కార్యాలయంలోని యంత్రం దగ్గర ఫొటో దిగాలి. అద్దె ఒప్పందంలో ఇంటి విస్తీర్ణం రాసి ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఆరేళ్లు దాటినవాళ్లకు తలకు 12 చదరపు మీటర్లు, ఆరేళ్ల లోపు పిల్లలకు 10 అన్నది మామూలుగా చూసే కొలత. ఆరోగ్య బీమా పత్రం, ఉద్యోగం కొనసాగుతోందని యాజమాన్యం కొత్తగా ఇచ్చిన ఉత్తరం ఉండాలి. పీఆర్ ముంగిట కంపెనీ మారితే కొత్త చోట ప్రొబేషన్ ఆరు నెలలూ అయ్యాక రమ్మనే కార్యాలయాలు చాలా ఉన్నాయి, కాబట్టి ముందు దరఖాస్తు, తర్వాతే రాజీనామా. రుసుము 113 యూరోలు. 'పీఆర్ ప్రాసెసింగ్' పేరిట హైదరాబాదులో వసూలు చేసే లక్షలకూ ఈ 113కూ సంబంధం లేదు.

ఉన్న పర్మిట్ గడువు తీరకముందే దరఖాస్తు చేరితే, నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులు కొనసాగుతాయి. దానికి రుజువుగా తాత్కాలిక పత్రం ఇస్తారు. దాని మీద ఏ గడిలో టిక్కు ఉందో చూసుకోకుండా ఇండియా టికెట్ కొనకూడదు. జర్మన్ నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో క్లాజు గడి అయితేనే తిరిగి రావచ్చు, మూడో క్లాజు అయితే రాలేరు. మూడు నెలలు దాటినా సరైన కారణం లేకుండా జవాబు రాకపోతే పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లే హక్కు చట్టంలోనే ఉంది.

కార్డు వచ్చాక కూడా ఒక షరతు ఉంటుంది. కార్యాలయం నుంచి ముందుగా గడువు పొడిగింపు తీసుకోకుండా జర్మనీ బయట ఆరు నెలలు దాటితే ఈ పీఆర్ రద్దవుతుంది. శాశ్వతం అన్న భరోసాతో అమ్మానాన్నల దగ్గర ఏడాది ఉండివద్దామనుకునేవాళ్లు ఇది మరచిపోకూడదు. భార్యకో, భర్తకో పీఆర్ దానంతట అదే రాదు, వాళ్లు విడిగా దరఖాస్తు చేసి, తమ భాషా పరీక్ష తామే పాసవ్వాలి.

తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశాలకు పంపేవాళ్లకు ఇచ్చే శిక్షణలో ఈ విషయాలను తెలుగులో అచ్చువేసి చేతికివ్వాలని కోరుతున్నాం. నర్సులకు ఏ పర్మిట్ నెలలు లెక్కకొస్తాయో ఒప్పందం మీద సంతకానికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. '21 నెలలు' అని ప్రకటన ఇచ్చే కన్సల్టెన్సీ పక్కనే అదే సైజు అక్షరాల్లో 'బ్లూ కార్డు, బీ1 జర్మన్ ఉంటేనే' అని రాయాలని మీ పత్రిక ప్రకటనల విభాగం కూడా పట్టుబట్టాలని మనవి.

ఇట్లు,
జర్మనీలో పనిచేస్తున్న కొందరు తెలుగు పాఠకులు