కైరోలో మా అత్తయ్యని ఒళ్లో పడుకోబెట్టుకున్న ఆ అమ్మకి

నిన్న తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. పెట్టెలు ఇంకా హాల్లోనే ఉన్నాయి. అత్తయ్య లోపల నిద్రపోతున్నారు. నాకే కన్ను మూతపడటం లేదు, అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఈ ఏడాది, 2025లో, ఈజిప్టులో మార్చి 1న రంజాన్ మొదలైంది. మేం వెళ్లింది వారం తర్వాత. "జనం తక్కువ ఉంటారు, రేట్లు తక్కువ, హాయిగా తిరగొచ్చు" అన్నాడు టికెట్లు బుక్ చేసిన ఏజెంటు. పగలు చిన్న హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయనీ, చూసే చోట్లు తొందరగా కట్టేస్తారనీ, సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి ముందు టాక్సీ దొరకడం కష్టమనీ ఒక్క ముక్క చెప్పలేదు. 68 ఏళ్ల షుగర్ పేషెంటు మాతో వస్తున్నారని తెలిసీ చెప్పలేదు.

మూడో రోజు సలాహుద్దీన్ కోట, అందులో మహమ్మద్ అలీ మసీదు చూశాం. అత్తయ్య పొద్దున షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని అర రొట్టె తిన్నారు, అంతే. సంచీలో బిస్కెట్లు ఉన్నాయి, పాప తింటూనే ఉంది. ఆవిడ ముట్టుకోలేదు. "ఇంతమంది నీళ్లు కూడా తాగకుండా ఉంటే వాళ్ల ఎదురుగా నేను నములుతానా?" అన్నారు. ఏకాదశి ఉపవాసాలు ఉండే మనిషి కదా, నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. ఆ తప్పు నాదే.

అక్కడి నుంచి సయ్యిదా జైనబ్ బజారుకి వెళ్లాం. రంజాన్ లాంతర్లకి పేరున్న చోటు, ఫానూస్ అంటారు, రంగు అద్దాలు బిగించిన రేకు లాంతర్లు. పాప ఒకటి కావాలని పేచీ. తిరిగి వెళ్దామంటే ఒక్క టాక్సీ ఆగడం లేదు. అందరూ ఇళ్లకి పరుగు. చూస్తుండగానే షట్టర్లు దిగిపోయాయి, అంత బజారూ ఖాళీ. అప్పుడే అత్తయ్య మాట ముద్దగా రావడం మొదలైంది. ఒళ్లంతా చెమట. పాప పేరు పట్టుకుని నన్ను పిలుస్తున్నారు. బిస్కెట్ నోట్లో పెడితే నమలడం లేదు. అలాగే గోడకి జారిపోయారు.

ఆ సందు మొదట్లో రోడ్డుకి అడ్డంగా బల్లలు వేసి ఉన్నాయి. మాయిదత్ అర్‌రహ్మాన్ అంటారు. ఎవరైనా వచ్చి కూర్చుని ఉచితంగా తినొచ్చు, ఏ మతమని అడగరు. అక్కడ ఖర్జూరాలు సర్దుతున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, చేతిలో పళ్లెం అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నల్ల గౌను, మోకాళ్ల నొప్పి ఉన్న నడక. నేల మీద చతికిలబడి అత్తయ్య తల ఒళ్లోకి తీసుకుంది. తన వేలి కొసని గిల్లి చూపిస్తూ నన్ను అడిగింది, "సుక్కర్?"

సుక్కర్. ఆ ఒక్క మాట అర్థమవడానికి నాకు ఏ భాషా అక్కర్లేకపోయింది. అవునని తలూపాను.

ఆవిడ గట్టిగా కేకేస్తే ఒక కుర్రాడు గ్లాసు తెచ్చాడు. ముదురు గోధుమ రంగు పానీయం. తల కాస్త ఎత్తి, చెంచాతో కొంచెం కొంచెం పెదాల మధ్య పోసి, మింగారో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసి, మళ్లీ ఇంకో చెంచా. "యా హగ్గా, యా హగ్గా" అంటూ చెంప నిమురుతోంది. అక్కడ పెద్దవాళ్లని అలా పిలుస్తారు. అప్పుడే మసీదులో ఉపవాసం విడిచే బాంగు మొదలైంది. బల్లల దగ్గర అందరూ నీళ్లు అందుకున్నారు. ఆవిడ మాత్రం కదల్లేదు.

పావుగంటకి అత్తయ్య కళ్లు తెరిచి, "ఇది చింతపండు పానకమే" అన్నారు. తర్వాత తెలిసింది, దాన్ని తమ్ర్ హిందీ అంటారట, అంటే హిందూ దేశపు ఖర్జూరం. చింతపండుకి వాళ్లు పెట్టుకున్న పేరే అది.

అప్పుడు చూశాను ఆవిడ ముఖం. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. తన కోసం పోసుకున్న మంచినీళ్ల గ్లాసు బల్ల మీద అలాగే ఉంది, పైన రొట్టె ముక్క మూత పెట్టి. తెల్లవారక ముందు తిన్న మనిషి, అప్పటిదాకా ఎంగిలి పడలేదు. బాంగు అయిపోయాక కూడా, మా మనిషి తేరుకునేదాకా పడలేదు. ఇంక నా వల్ల కాలేదు. ఆ రోడ్డు మీదే ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ నా నెత్తి మీద చెయ్యి వేసి ఏదో అంది, అర్థం కాలేదు. కొంగు లాంటి ఆ గుడ్డతోనే నా ముఖం తుడిచింది.

వాళ్ల అబ్బాయి తన కారులో క్లినిక్‌కి తీసుకెళ్లాడు, ఆవిడా ఎక్కింది. కారులో ఒక్క ఖర్జూరం నోట్లో వేసుకుంది. క్లినిక్‌లో చూస్తే షుగర్ 48కి పడిపోయింది. ఆ మాత్రతో పడిపోయిన షుగర్ మళ్లీ పడిపోవచ్చని రాత్రంతా డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ సెలైన్, ఎక్కిస్తూ చూశారు. డబ్బులివ్వబోతే ఆ అబ్బాయి "ఐబ్" అన్నాడు, తప్పు అని. సహరీ వేళకి, అంటే తెల్లవారక ముందు తినే వేళకి, మళ్లీ వచ్చాడు, అమ్మ పంపిందని తువ్వాల్లో చుట్టిన రొట్టెలు, జున్ను, దోసకాయలు తెచ్చాడు. మాంసం తినరని ఆవిడ గుర్తు పెట్టుకుంది! అత్తయ్య ఆ మూట చూసి, "పారణ వేళ దాటితే ప్రాణం ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా" అని కళ్లు తుడుచుకున్నారు.

మెహదీపట్నంలో పదేళ్లు ఉన్నాం. రంజాన్ అంటే నాకు తెలిసింది హలీం బట్టీలు, ట్రాఫిక్కే.

ఇన్సూరెన్స్ సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ రాత్రి నలభై నిమిషాలు ఫోన్ పట్టుకుంటే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. చివరికి మనిషి దొరికి, షుగర్ పాత జబ్బు కాబట్టి రాదన్నాడు. పాలసీ తీసుకునేటప్పుడు షుగరుందని రాసే ఇచ్చాం, అప్పుడు ప్రీమియం మాత్రం ఎక్కువ తీసుకున్నారు. ఆ వయసులో బీపీ, షుగర్ లేనివాళ్లు మన దగ్గర ఎంతమంది? మరి పెద్దవాళ్లకి ఆ పాలసీ ఎందుకు అమ్మాలి?

మావారు రాత్రంతా కుర్చీలోనే ఉన్నారు, మరిది డబ్బు పంపాడు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ అమ్మ పేరు ఇక్కడ రాయను. తువ్వాలు మాతో వచ్చేసింది, ఉతికి ఆరేశాను.

అయ్యో, మరిచిపోయాను. మెహదీపట్నంలో మా ఇంటి ఓనరుగారి అబ్బాయి రియాద్ నుంచి ఫోన్లో డాక్టరుతో అరబ్బీలో మాట్లాడి మందుల పేర్లన్నీ చెప్పాడు. భాయ్, షుక్రియా. భోజనం దగ్గర నుంచి లేచి వచ్చిన డాక్టరు గారికి. ఇండియా అనగానే అమితాబ్ బచ్చన్ ఎలా ఉన్నారని అడిగి, రోజూ అత్తయ్యకి ఉప్పు లేకుండా ఫూల్ అనే చిక్కుడు లాంటి గింజలు ఉడికించి పెట్టించిన హోటల్ రిసెప్షన్ ఆయనకి. పాప చేతిలో లాంతరు పెట్టి డబ్బు తీసుకోని కొట్టు తాతకి.

అత్తయ్య లేచారు. ఇంకొకరిని రాయమంటున్నారు: కారెక్కించేటప్పుడు తన చెప్పు ఒకటి ఊడిపోతే, అది పట్టుకుని మలుపు దాకా కారు వెనకాల పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి అందించిన పిల్లాడికి.