ఒకే మనిషికి ఆరు పేజీలు

ఏమే, ఎలా ఉన్నావ్? నీ వాయిస్ మెసేజ్ మూడ్రోజుల కిందటే విన్నా, రిప్లై ఇద్దామంటే కాలేజీలో ఇంటర్నల్స్, ఇంట్లో అమ్మకి జ్వరం, ఇదిగో ఇవాళ ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కూర్చున్నా. "నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా ఎన్నాళ్ళుంటావే, మళ్ళీ వార్డులోకి రావాలనిపించట్లేదా" అనడిగావు కదా, దానికి రెండు ముక్కల్లో జవాబు రావట్లేదు నాకు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. టీ పెట్టుకుని చదువు.

మన మెడికల్ సర్జికల్ నర్సింగ్ పేరు మారింది తెలుసా? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ళు 2021లో తెచ్చిన కొత్త సిలబస్‌లో దాన్ని అడల్ట్ హెల్త్ నర్సింగ్ అంటున్నారు, మూడో సెమిస్టర్‌లో ఒకటి, నాలుగో సెమిస్టర్‌లో రెండోది, ఆ రెండోదాంట్లో ముసలివాళ్ళ నర్సింగ్, పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) కూడా కలిపారు. మంచిదే. కానీ పుస్తకం తెరిస్తే ఎప్పట్లాగే గుండె ఒక చాప్టర్, కిడ్నీ ఒక చాప్టర్, షుగర్ ఒక చాప్టర్. మా పోస్టింగ్‌లో మంచం మీదున్న వాళ్ళకేమో మూడూ ఒకేసారి ఉంటాయి, పైన చూపు తగ్గడం, కాళ్ళు తిమ్మిర్లు, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ అదనం.

మొన్న నాలుగో సెమిస్టర్ పిల్ల ఒకతి కేర్ ప్లాన్ తెచ్చింది, అదే, పేషెంటుకి ఏమేం చెయ్యాలో రాసే కాగితాలు. పేషెంటు మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పెద్దాయన, అరవై దాటాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్, షుగర్, బీపీ, గుండెకి ఒకసారి స్టెంట్ వేశారు, మలబద్ధకం. ఆరు పేజీలు రాసింది, ఎంత నీట్‌గా రాసిందంటే రెడ్ పెన్ పెట్టబుద్ధి కాలేదు నాకు. రెండో పేజీలో కిడ్నీ కింద "నీళ్ళు తగ్గించాలి" అనుంది. ఐదో పేజీలో మలబద్ధకం కింద "రోజుకి మూడు లీటర్ల నీళ్ళు, పళ్ళు ఎక్కువ ఇవ్వాలి" అనుంది. నాలుగో పేజీలో షుగర్ పడిపోతే పళ్ళరసం తాగించాలని రాసింది, కిడ్నీ పోయిన మనిషికి పళ్ళరసంతో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది కదా, అది మూడో పేజీలో తనే రాసుకుంది! ఏ పేజీకా పేజీ కరెక్టే. ఆరూ కలిపి ఆయనకి చేస్తే మాత్రం ఆయన బతకడు.

నేను తిట్టలేదు. ఆరు పేజీలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, ఈ ఆరూ చదివి ఆయనకి ఇప్పుడు ఒక గ్లాసు నీళ్ళు ఇస్తావా ఇవ్వవా చెప్పమ్మా అన్నా. చాలాసేపు చూసింది. ఆ మొహం చూడాల్సిందే నువ్వు, ఏడవలేదు గానీ పెన్ను మూత తీయడం పెట్టడం, తీయడం పెట్టడం. చివరికి "మేడమ్, ఆయన రోజంతా ఏం తాగుతున్నాడో నాకు తెలీదు" అంది. అప్పుడనిపించింది ఈ పిల్ల నర్సవుతుందని.

అప్పట్నుంచీ నా బ్యాచ్‌కి ఒక రూల్ పెట్టా. కొత్త పేషెంటు దగ్గరికెళ్తే మొదటి ఇరవై నిమిషాలు కేస్ షీట్ ముట్టుకోకూడదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏం చేస్తారు, ఏం తింటారు, మాత్రలు ఎవరిస్తారు, డబ్బాలో పెట్టుకుంటారా కవర్లోనా, డయాలసిస్‌కి ఏ బస్సెక్కుతారు, వెంట ఎవరొస్తారు, అవన్నీ ఒకే ఒక్క కాగితం మీద గంటల వారీగా గీయాలి. ఆ తర్వాతే మందులు, రిపోర్టులు ఆ కాగితం మీదే తెచ్చి పెట్టాలి. విడి పేజీలు లేవు. ఇన్‌స్పెక్షన్ కోసం పాత ఫార్మాట్ కూడా రాయిస్తా అనుకో, అది తప్పదు, పిల్లలకి డబుల్ పని, అయినా పెట్టా.

ఆ పిల్ల మళ్ళీ ఆయన దగ్గరికెళ్ళింది. ఎంత తాగాడో రాసే ఇన్‌టేక్ చార్ట్‌లో రోజుకి లీటరు అని ఉంటోంది, రెండు డయాలసిస్‌ల మధ్య బరువేమో నాలుగు కేజీలు పెరుగుతోంది. లీటరు నీరు ఒంట్లో ఉండిపోతే కేజీ బరువు, తాగిందాంట్లో కొంత మూత్రంలో, చెమటలో పోతుంది కూడా కదా, ఆ లెక్క ఎక్కడా కలవట్లేదు. ఆయన్నడిగితే "రోజుకి రెండు చెంబులే తల్లీ" అంటాడు. ఈ పిల్ల ఆ చెంబే తెప్పించింది వాళ్ళావిడతో, మెజరింగ్ జార్‌తో నీళ్ళు పోసి చూస్తే ఒక్కో చెంబూ ఏడొందల ఎమ్మెల్! పైగా ఆయన లెక్కలో నీళ్ళంటే నీళ్ళే, పొద్దున గంజన్నం, మధ్యాహ్నం చారు, మజ్జిగ, రెండుసార్లు టీ, ఇవేవీ నీళ్ళు కావు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ముందురోజు మూత్రం ఎంతొస్తే దానికి ఐదొందలు కలిపి అంతే తాగాలని డాక్టర్‌గారు చెప్తే ఆయన తలూపాడు, మన స్టాఫ్ "ఎడ్యుకేషన్ గివెన్" అని రాసేశారు.

ఇంకో మాట చెప్తా, ఇది చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు. ఆ పిల్ల, మళ్ళీ ఆ పొటాషియం సంగతే, కొబ్బరినీళ్ళు మానెయ్యాలి తాతా అంటే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదంట. తర్వాత "2018లో తిత్లీ తుపానుకి తోటంతా పడిపోనాది, మళ్ళీ మొక్కలేసి ఇన్నేళ్ళు నీళ్ళు మోసి పెంచినాను, ఈ ఏడే గెల దిగినాది, మొదటి బొండాం కూడా తాగొద్దంతావేటమ్మా" అన్నాడంట. నీకు తెలుసు కదా మన సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి ఎలా ఉంటుందో, ఆ ఊళ్ళల్లోనే ఇన్ని కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఎన్నేళ్ళ నుంచి టెస్టులు చేసినా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. పలాసలో 2023 డిసెంబర్లో రెండొందల పడకల ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ పెట్టారు, మంచి మాటే. కానీ ఇంటికెళ్ళాక ఆ చెంబు దగ్గర, ఆ బొండాం దగ్గర ఆయనతో కూర్చునేది మన పిల్లలే కదే. ఆమె ఏం చేసిందో విను. మానెయ్యాలనే చెప్పింది, మరో మాట లేదు, కానీ ఆ మొదటి గెల ఏం చేద్దాం తాతా అనడిగింది. మనవళ్ళకి కొట్టి ఇస్తానన్నాడంట, నువ్వూ రావాలి అన్నాడంట. దీనికి ఏ ఫార్మాట్‌లో మార్కులెయ్యనే?

అన్నీ ఇలాగే తియ్యగా ఉండవులే. పోయిన నెల ఇన్సులిన్ దగ్గర నాకు గుండె ఆగినంత పనైంది. ఒక పేషెంటు ఇంటినుంచి ఇన్సులిన్ పెన్‌లో పెట్టే మందు గొట్టం, అదే కార్ట్రిడ్జ్, తెచ్చుకున్నాడు, పెన్ పాడైందంట, వార్డులో ఎవరో సిరంజితో లాగేయమన్నారు పిల్లని. ఎర్ర మూత సిరంజి తీసుకుంది. పన్నెండు యూనిట్లు కావాలి, పన్నెండు గీత దాకా లాగింది. కార్ట్రిడ్జ్‌లో ఎమ్మెల్‌కి వంద యూనిట్లు, ఎర్ర మూత సిరంజి గీతలేమో ఎమ్మెల్‌కి నలభై లెక్కన వేసినవి! అంటే ఆ గీత దగ్గర ముప్పై యూనిట్లున్నాయి. కిడ్నీ సరిగ్గా లేని మనిషికి ఇన్సులిన్ ఒంట్లోంచి తొందరగా పోదు, పైగా ఆయన గుండెకి మెటోప్రొలాల్ వాడుతున్నాడు, షుగర్ పడిపోయినా చేతులు వణకడం, గుండె దడ అంతగా తెలీకపోవచ్చు, చెమటే ముఖ్యమైన గుర్తు. రాత్రిపూట ఫ్యాన్ కింద దుప్పటి కప్పుకుని పడుకుంటే ఆ చెమట ఎవరు చూస్తారు? పొడవబోయే ముందు లేబుల్ పైకి చదవమన్నా కాబట్టి ఆగింది. ఆ పిల్ల చేతులు వణికాయి, నావీ వణికాయి. ఆ రోజు మధ్యాహ్నం క్లాసు మానేసి బ్యాచ్ మొత్తాన్నీ కూర్చోబెట్టి ఎర్ర మూత, ఆరంజ్ మూత, నలభై వయల్, వంద కార్ట్రిడ్జ్ అన్నీ బల్ల మీద పోసి, ఒక్కొక్కళ్ళ చేత కళ్ళెదురుగా నీళ్ళు లాగించి, పైకి చదివించి, ఎంత తేడా వస్తుందో చేతికి తెలిసేదాకా చేయించా. కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగడం అనేదే చెయ్యకూడదు, ఎవరు చెప్పినా సరే చెయ్యనని చెప్పాలి అన్నా. సీనియర్ సిస్టర్ చెప్తే ఎలా కాదనాలి మేడమ్ అనడిగారు. అది చాలా పెద్ద ప్రశ్న కదా, దాన్ని కూడా ప్రాక్టీస్ చేయించా, ఒకరు సిస్టర్, ఒకరు స్టూడెంట్, "సిస్టర్, ఇది వంద, ఇది నలభై, నాకు భయంగా ఉంది, ఒక్కసారి చూడండి" అనాలి అంతే. వంక పెట్టక్కర్లేదు, వాదించక్కర్లేదు. నోటికొచ్చేదాకా పదిసార్లు అనిపించా.

హ్యాండోవర్, అదే షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్ల సంగతి తర్వాతివాళ్ళకి అప్పజెప్పడం, అదొక్కటి మాత్రం నాకింకా కుదర్లేదు. మన పిల్లలు "పద్నాలుగో బెడ్, సీకేడీ, డీఎం, హెచ్‌టీఎన్, కంప్లైంట్స్ ఏం లేవు" అని, కిడ్నీ, షుగర్, బీపీ జబ్బుల పొట్టి పేర్లు పాటలా చదివేస్తారు, మనం కూడా అలాగే చదివేవాళ్ళం గుర్తుందా. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఎడమ చేతికుంది, ఆ చెయ్యికి బీపీ కట్టొద్దు, పొద్దున డయాలసిస్ కాబట్టి బీపీ మాత్ర సంగతి డాక్టర్‌గారినడగాలి, రాత్రి సరిగ్గా తినలేదు కాబట్టి రెండింటికి వేలి చుక్కతో షుగర్ (జీఆర్‌బీఎస్) చూడాలి, ఇవి కదా తర్వాత వచ్చేవాళ్ళకి కావాల్సింది? నువ్వక్కడ కువైట్ ఐసీయూలో రోజూ చేస్తున్నావ్, మీకు ఒక పద్ధతి ఉందన్నావ్ ఒకసారి. పేషెంటు పేరు, వివరం ఏదీ లేకుండా, ఊహించుకున్న పేషెంటు మీద, మీరు ఎలా చెప్పుకుంటారో ఒక ఐదు నిమిషాల ఆడియో తెలుగులో పంపవా? నేను చెప్తే క్లాసు, నువ్వు చెప్తే డ్యూటీ చేస్తున్న సిస్టర్ చెప్పినట్టుంటుంది వాళ్ళకి. తొందరేం లేదు గానీ గురువారం లోపు వస్తే బావుంటుంది, శుక్రవారం కొత్త బ్యాచ్ మొదలు.

వార్డులోకి ఎందుకు రావట్లేదంటావా, నేను వార్డులోనే ఉన్నానే, కాకపోతే ఇప్పుడు పన్నెండు మంది పిల్లల చేతులు చూసుకుంటూ ఉన్నా.

అమ్మ లేచినట్టుంది, కాఫీ అడుగుతోంది. పెద్దాయనకి బుధవారం డయాలసిస్, ఆ పిల్ల వాళ్ళావిడ కోసం ఐదొందల ఎమ్మెల్ దగ్గర నెయిల్ పాలిష్‌తో గీత పెట్టిన స్టీలు గ్లాసు రెడీ చేసింది, గులాబీ రంగు గీత, ఫోటో పంపిస్తా చూడు. నువ్వు తిండి టైముకి తిను, నైట్ డ్యూటీలని టీ మీదే ఉండకు. ఉంటా.

నీ పాత రూమ్మేట్