రోడ్డు ఒకటే, ఒక ఊరు పెరిగింది ఇంకో ఊరు పెరగలేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మావాళ్ళది గొల్లపూడి, అందుకే విజయవాడ వెస్ట్ బైపాస్ గురించి మన పేపర్లలో ఏమొచ్చినా ఆన్‌లైన్లో వదలకుండా చదువుతుంటాను. ఏది చదివినా చివరికి తేలేది ఒకటే, చినఅవుటపల్లి నుంచి కాజ దాకా రోడ్డు పడితే చుట్టుపక్కల ఊళ్ళ దశ తిరిగిపోద్ది, గజం ఇంత పలుకుద్ది అని. నేనుండేది అమెరికాలో అర్కాన్సా రాష్ట్రం, బెంటన్‌విల్, వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు, మన తెలుగోళ్ళు కూడా బానే ఉన్నారిక్కడ. ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాల్ని కలిపే పెద్ద హైవే, నంబరు ముందు ‘ఐ’ అని ఉంటది) రాబట్టే ఈ ఊరు ఇట్టా పెరిగింది అని ఇక్కడ కూడా అందరూ అంటుంటారు. అందులో సగం నిజమే. మిగతా సగం ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నా.

1999కి ముందు దక్షిణం వైపు నుంచి ఇక్కడికి రావాలంటే ఆల్మా అనే ఊరి దగ్గర ఐ-40 దిగి పాత 71 హైవే పట్టుకోవాలి, బోస్టన్ మౌంటెన్స్‌లో ఘాట్ రోడ్డు, మలుపుల మీద మలుపులు, ముందు లోడు లారీ పడిందంటే ఓవర్‌టేక్ చెయ్యడానికి ఉండదు, యాక్సిడెంట్లకి పేరు పడ్డ రోడ్డు అది. 1999 జనవరిలో ఆల్మా నుంచి మాకు దక్షిణాన ఉన్న ఫేయెట్‌విల్ దాకా ఐ-540 ఓపెన్ చేశారు, కొండని తొలిచి బాబీ హాపర్ టన్నెల్ అని సొరంగం కూడా వేశారు. 2014 నుంచి దానికే ఐ-49 అని నంబర్ మార్చారు. 2000 జనాభా లెక్కల్లో బెంటన్‌విల్లో 20 వేల మంది కూడా లేరు, 2020కి 54 వేలు దాటారు. చూశారా రోడ్డు మహిమ అంటారు మనోళ్ళు.

సరే, మరి అదే రోడ్డుకి అటు కొసన ఆల్మా పక్కనే ఫోర్ట్ స్మిత్ ఉంది, దాని సంగతేంటి? వాళ్ళకి ఐ-40 ఎప్పట్నుంచో ఉంది, దానికి తోడు ఈ కొత్త రోడ్డు కూడా వచ్చింది, అంటే మాకంటే వాళ్ళకే రోడ్లు ఎక్కువ. ఐనా 2000లో 80 వేలున్న ఊరు ఇరవై ఏళ్ళకి 89 వేలయ్యింది, అంతే. 2012లో వర్ల్‌పూల్ ఫ్యాక్టరీ మూసేశారు, ఊరికి పెద్ద దెబ్బ అది. 2020 లెక్కల్లో ఫేయెట్‌విల్ దాన్ని దాటేసి రాష్ట్రంలో రెండో పెద్ద సిటీ అయిపోయింది. ఇక్కడేమో రోడ్డుకి ముందే వాల్‌మార్ట్ ఉంది, పక్క ఊళ్ళు చూస్తే స్ప్రింగ్‌డేల్లో టైసన్ చికెన్ కంపెనీ ఉంది, లోవెల్లో జేబీ హంట్ లారీల కంపెనీ ఉంది. వాల్‌మార్ట్‌కి సరుకు అమ్మాలంటే ఇక్కడో ఆఫీసు పెట్టుకోవాల్సిందే అన్నట్టు సప్లయర్లందరూ దిగారు. పని ముందే ఉంది, రావడానికి దారే లేదు, ఆ దారి దొరికింది. 1998లో ఎయిర్‌పోర్టు కూడా వచ్చింది. పని లేని చోట రోడ్డేస్తే జనం ఆ రోడ్డెక్కి వేరే ఊరికి పోతారు గానీ ఇక్కడికి రారు కదండీ.

ఇక ట్రాఫిక్ సంగతి. ఇక్కడ ఎగ్జిట్ (హైవే ఎక్కే, దిగే చోటు) నంబరంటే మైలు నంబరే. బెంటన్‌విల్, దాని పక్క ఊరు రోజర్స్ దగ్గర ఎగ్జిట్లు 85, 86, 87, 88, అంటే మైలుకొకటి. మైలుకో ఎగ్జిట్ ఇచ్చాక అది రాష్ట్రాలు దాటే రోడ్డు ఎందుకవుద్ది, ఊళ్ళో మెయిన్ రోడ్డే అవుద్ది. పొద్దున ఎనిమిదింటికి ర్యాంపు మీద లైనులో చూడండి, మా లేన్లో దూరం పోయే లారీ ఒక్కటి కనపడితే ఒట్టు, అన్నీ మా కార్లే, మనిషికో కారు, పక్క సీట్లో లంచ్ బ్యాగు, ఒక ఎగ్జిట్లో ఎక్కి రెండో ఎగ్జిట్లో దిగిపోయేవాళ్ళమే. పాలకీ పిల్లల కరాటేకీ కూడా ఇంటర్‌స్టేటే ఎక్కుతాం. 2012లో ఓటింగ్ పెట్టి డాలర్‌కి అర సెంటు చొప్పున సేల్స్ టాక్స్ పెంచి ఆ డబ్బుల్తో దీన్ని ఆరు లేన్లు చేశారు, 2020లో మళ్ళీ ఓటు పెట్టి ఆ టాక్స్ పర్మనెంట్ చేసేశారు. నేను మాత్రం ఆ రెండు లేన్లు పెరగడం వల్ల పొద్దున పూట పెద్ద తేడా ఏం చూళ్ళేదు.

ఇదంతా ఒకెత్తు, సెంటర్‌టన్ ఒకెత్తు. హైవేకి దూరంగా పడమట ఉండే ఊరది, 2000లో రెండు వేల చిల్లర జనం, 2020కి 17 వేలు దాటేశారు. బెంటన్‌విల్లో ఇల్లు కొనలేనోళ్ళందరూ అక్కడికే పోయారు, మనవాళ్ళు కూడా చాలామంది. గడ్డి మోపులు చుట్టి పెట్టిన పొలాలు, ఆ గట్టు పక్కనే కంచె, కంచెకి ఇవతల ఒకే అచ్చులో పోసినట్టు రెండొందల ఇళ్ళు. ఆ ఇళ్ళలో కార్లన్నీ పొద్దున్నే 102 రోడ్డు మీదకే రావాలి. బస్సు ఎక్కుదామంటే పేరుకున్నాయి అన్నట్టుంటాయి.

మంచి కూడా చెప్పాలి. 2021 అక్టోబర్లో మాకు ఉత్తరాన ఉన్న బెల్లా విస్టా ఊరికి బైపాస్ తెరిచారు, అది కట్టాక ఆల్మా నుంచి కాన్సాస్ సిటీ దాకా ఎక్కడా సిగ్నల్ తగలకుండా పోవచ్చు, అంతకుముందు లారీలన్నీ బెల్లా విస్టా ఊళ్ళోంచే పోయేవి. బైపాస్ అంటే అట్టా ఉండాలి, దూరం పోయే బండ్లని ఊరికి దూరంగానే పంపించాలి.

మనకి బెంజ్ సర్కిల్ ఉదాహరణ ఉండనే ఉంది, ఒకప్పుడు అది ఊరి చివర, ఇప్పుడు ఊరి నడిమధ్య, హైవే మీదే రెండు ఫ్లైఓవర్లు కట్టుకోవాల్సొచ్చింది. వెస్ట్ బైపాస్‌కి పదిహేనేళ్ళకి అదే గతి పట్టకూడదంటే ఇప్పుడే అడగాలి. కాబట్టి నా రిక్వెస్ట్ ఏంటంటే, ఈసారి మీ రిపోర్టర్ని పంపించేటప్పుడు గజం రేటు కాకుండా వేరేవి కనుక్కోమనండి: గొల్లపూడి నుంచి కృష్ణ దాటి వెంకటపాలెం మీదుగా కాజ దాకా ఎన్ని చోట్ల ఎక్కడానికి దిగడానికి ఇస్తున్నారు, మధ్యలో లేఅవుట్ల వాళ్ళు అడిగితే ఇంకా ఇస్తారా, ఆ ఎక్కే దిగే చోట్లకి వచ్చి కలిసే పల్లెటూరి రోడ్లు ఎవరు వెడల్పు చేస్తారు, ఆర్టీసీ సిటీ బస్సులు ఆ కొత్త లేఅవుట్లకి ఎప్పటి నుంచి తిప్పుతారు. రేట్ల గురించి ఐతే మీరు రాయకపోయినా బ్రోకర్లు రోజూ ఫోన్ చేసి చెప్తూనే ఉన్నారు, అమెరికాకి కూడా.

ఇట్లు,
ఒక గొల్లపూడి వాసి,
బెంటన్‌విల్, అర్కాన్సా