చిన్నాకి అమ్మ ఉత్తరం

చిన్నా,

ఆవకాయ జాడీ చేరిందా? మూడు వారాలైంది, నీ నుంచి ఒక్క ఫోనూ లేదు. మేడ మీది ట్యాంకు మళ్లీ కారుతోంది. మీ నాన్న మైనం పెట్టి కూర్చున్నారు, ప్లంబర్ని పిలవనివ్వరు.

నిన్న శారద మాటల్లో అంది, పార్కింగ్‌లో నీ బండి పక్క కారుకి గీసుకుందట, ఎడమ వైపున్నది కనబడలేదన్నావట. ఎవరికైనా అవుతుంది. నేను దాని గురించి రాయడం లేదు.

2017లో నాకు సైనస్ ఆపరేషన్ అన్నాం కదా, నీకు పరీక్షలని. ముక్కులోంచే చేశారు కాబట్టి పూర్తి అబద్ధం కాదు. అంతకు ముందు సరూర్‌నగర్ రైతుబజార్‌లో పక్కనే కూర్చున్నామె కొత్తిమీర బుట్ట తన్నేశాను. "కళ్లు కనబడతలేవా అమ్మా" అన్నది. డాక్టర్లందరి కంటే ముందు కనిపెట్టింది ఆవిడే! రెండుసార్లు అద్దాలు మార్చాను. రాత్రంతా దాహం, బాత్రూమ్. షుగరేమోనని చూస్తే నార్మల్. చివరికి ఒక కుర్ర కంటి డాక్టరు, "నా ముక్కునే చూడండమ్మా" అంటూ పక్కన వేళ్లు చూపించాడు. ఫీల్డ్ టెస్ట్‌లో చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఎంతసేపటికీ ఏదీ వెలగదే, మెషీన్ ఆన్ చేయలేదేమో అనుకున్నాను. రెండు కళ్లకీ బయటి పక్క చూపు పోయిందట.

ఎంఆర్‌ఐలో తేలింది, క్రేనియోఫారింజియోమా అనే గడ్డ. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి దగ్గర పెరిగి, పైన కంటి నరాలు కలిసేచోట నొక్కుతుంది. క్యాన్సర్ కాదు, కానీ అంటుకుపోతుంది. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందట, లాటరీ మాత్రం ఎప్పుడూ తగల్లేదు. లోపల సందు మూయడానికి తొడ నుంచి కొవ్వు తీశారు. తలకి జబ్బయితే తొడ మీద కుట్లేమిటని మీ అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంది. రోజూ సోడియం పరీక్ష, పోసిన మూత్రం కొలత. ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి. మీ నాన్న నెల రోజులు ఇంట్లో పోపు పెట్టలేదు. చప్పటి పప్పే, పాపం ఆయనా అదే తిన్నారు.

చూపు చాలావరకు తిరిగొచ్చింది. నరానికి అంటుకున్న కాస్త ముక్క వదిలేశారు, అందుకే ఏటా స్కాన్. ఒంట్లో ఆ హార్మోను సరిగ్గా తయారవదు కాబట్టి హైడ్రోకార్టిసోన్ మాత్ర జీవితాంతం. జ్వరమొస్తే మీ నాన్న డోసు రెట్టింపు చేసేది అందుకే, చాదస్తం కాదు.

ఇది తల్లి నుంచి బిడ్డకి వచ్చేది కాదు. నేనే అడిగి మరీ కనుక్కున్నాను. నీది నిద్ర చాలకే అయ్యుంటుంది. రెండింటిదాకా ఫోన్ చూస్తే కళ్లేం కావాలి? హెల్మెట్ పెట్టుకుంటున్నావా? రాత్రి నీళ్లకి ఎన్నిసార్లు లేస్తున్నావు?

శనివారం కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లు. అద్దాల షాపు కాదు, డాక్టరు. ఫీల్డ్ టెస్ట్ అని నోరు విడిచి అడుగు. ఈ ఉత్తరం సంగతి మీ నాన్నకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

జాడీ మూత బిగుసుకుంటే వేడినీళ్ల గుడ్డ చుట్టి తిప్పు. ఈ రాత్రికే మీ రూమ్మేట్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతని ముక్కునే చూస్తూ, పక్కన ఎన్ని వేళ్లు చూపించాడో చెప్పు. సరిగ్గా చెప్పావో లేదో నాకు మెసేజ్ పెట్టు. ఒక్కో కన్ను మూసి.

అమ్మ