టాబ్ తెరిచే ముందు నోట్‌బుక్

బుజ్జీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పట్నుంచీ మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నా. క్లాసులో స్మార్ట్ బోర్డు పెట్టారు, పిల్లలకి టాబ్‌లు ఇచ్చారు, అయినా అందరూ కళ్ళార్పకుండా చూస్తున్నారు గానీ ఏమీ బుర్రకెక్కట్లేదమ్మా అన్నావు కదా. నాకూ అచ్చం అలాగే అయింది తల్లీ. మా స్కూల్లో మొదటిసారి ప్రొజెక్టర్ వచ్చినప్పుడు మూడు రాత్రులు కూర్చుని గుండె పాఠానికి స్లైడ్లు చేశా, రంగురంగుల బొమ్మలు, రక్తం ఎటు పోతుందో కదిలే బాణాలు, క్లాసంతా కిక్కురుమనకుండా చూసింది. మర్నాడు పుస్తకాలు మూసేసి, ఎడమ జఠరిక నుంచి రక్తం ఎక్కడికెళ్తుందో గీసి చూపించండ్రా అంటే నలభై మందిలో ముగ్గురు గీశారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే తెలిసింది, పీరియడ్ అంతా పని చేసింది నేనూ ప్రొజెక్టరూ, పిల్లలకి చెయ్యడానికి నేనేమీ మిగల్చలేదు.

నువ్వు ఇప్పుడు కరెంటు పాఠం చెప్తున్నావు కదా, ఫెట్ సిమ్యులేషన్లు వాడు, అంటే స్క్రీన్ మీదే ప్రయోగం చేసి చూసేవి. ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టారు, ఫ్రీగానే దొరుకుతాయి. రెండు బల్బులు సమాంతరంగా కలిపిన సర్క్యూట్ చూపించు, కానీ వెంటనే నడిపించకు. ఒక బల్బు తీసేస్తే రెండోది ఆరిపోతుందా, వెలుగు పెరుగుతుందా, అలాగే ఉంటుందా, ఎందుకో కూడా నోట్‌బుక్‌లో రాయమను. చాలామంది పెరుగుతుందనే రాస్తారు, కరెంటంతా దానికే వస్తుంది కదా అని. అందరూ రాశాక అప్పుడు తీసి చూపించు, అలాగే ఉంటుంది. తను రాసింది తప్పని తెలిసినప్పుడు పిల్లాడు స్క్రీన్ వైపు చూసే చూపే వేరుగా ఉంటుంది, నువ్వే చూస్తావు.

అక్కడితో ఆపకు, నిజం బల్బులు, బ్యాటరీ సెల్, వైర్లు చేతికివ్వు. నిజం సెల్‌కి లోపల కొంచెం నిరోధం, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, ఉంటుంది కాబట్టి ఒకటి తీస్తే రెండోది కాస్త ఎక్కువ వెలగొచ్చు, సిమ్యులేషన్‌లో ఆ నిరోధం సున్నా అని పెట్టుకుని చూపిస్తారు. టాబ్‌లో ఇలా రాలేదే మేడమ్ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వస్తే పాఠం పూర్తికాకపోయినా పర్లేదు, పీరియడ్ మొత్తం దానికే ఇచ్చెయ్.

పని లేనప్పుడు మాత్రం టాబ్‌లు మూయించెయ్యి, మొహమాటపడకు. 2013లో కెనడాలో ఒక పరిశోధన చేశారు, క్లాసు జరుగుతుండగా లాప్‌టాప్‌లో వేరే పనులు చేసిన వాళ్ళకే కాదు, ఆ స్క్రీన్ కనపడేలా కూర్చున్న వాళ్ళకి కూడా మార్కులు తగ్గాయి. పక్కవాడికి అన్యాయం కదా అది. అలాగని చేత్తో రాస్తేనే చదువొస్తుందని నేను అనట్లేదు, పెన్నుతో నోట్స్ రాసుకున్న వాళ్ళకే బాగా అర్థమైందని 2014లో ఒకటి వచ్చింది గానీ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేస్తే అంత తేడా కనపడలేదు. రాసేటప్పుడు సొంత మాటల్లోకి మార్చుకుంటున్నారా లేదా అన్నదే చూడు.

ఇంకోటి, పిల్లలు జవాబులు చాట్‌జీపీటీలో చూసి రాస్తున్నారని కోప్పడ్డావట. కోప్పడకు బంగారం, ముందు క్లాసులోనే నాలుగు లైన్లు సొంతంగా రాయించు, తర్వాత దాని జవాబు పక్కన పెట్టి అందులో ఎక్కడ తప్పుందో వెతకమను. ఇంట్లో నెట్ లేని పిల్లలు ఎవరో కూడా విడిగా కనుక్కో, అందరి ముందూ అడగొద్దు, వాళ్ళకి నెట్‌తో చేసే హోంవర్క్ ఇవ్వకు.

రేపు బల్బుల పాఠం అయ్యాక పిల్లలు రాసిన ఊహలు ఫోటో తీసి పంపు, తప్పు రాసినవి ముందు పంపు, వాటిని చూస్తూ రాత్రి మాట్లాడుకుందాం.

అమ్మ